కంచు గుర్రం కింది పేర్లు

కేసరిపురంలో తెల్లవారితే మొదటి ఎండ కంచు గుర్రం చెవుల మీద పడుతుంది. ఆ తరువాతే అది రాజప్రాసాద శిఖరాలకూ, కోట బురుజులకూ, అంగడివీధి పెంకుటిళ్ళకూ దిగివస్తుంది. విజయ చత్వరం నడుమ, ఏనుగంత ఎత్తున్న నల్లరాతి పీఠం మీద, ముందుకాళ్ళు రెండూ ఆకాశంలోకి ఎత్తి నిలిచిన ఆ గుర్రాన్ని చూడటానికి దూరదేశాల వర్తకులు చుట్టుదారి పట్టి మరీ వచ్చేవారు. దాని జూలు గాలికి ఎగిసిన మంటలా ఉంటుంది. కళ్ళెం కొరికిన పెదవుల దగ్గర నురుగు బుడగలను సైతం పోతపోశాడు శిల్పి. వీపు మీద రణకేసరి మహారాజు ఎత్తిన ఖడ్గంతో, ఉత్తరాన ఉన్న కొండల మీద చూపు నిలిపి కూర్చున్నాడు. గుర్రం వెనుక గిట్టల మధ్య ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. తలకు కొండవాళ్ళ ముడిపాగా, భుజాన గొంగళి. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రాజు ముఖంలో కంటే ఆ పడిపోయినవాడి చేతుల్లోనే శిల్పి ఎక్కువ పనితనం చూపాడని తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

గాలి వీచినప్పుడు గుర్రం ముక్కుపుటాల్లోంచి సన్నని మోత వచ్చేది. అది మహారాజు సింహనాదమని నగరవాసులు పిల్లలకు చెప్పేవారు. రాళ్ళు మోసే, గోడలు కట్టే కొండవాళ్ళు మాత్రం ఆ మోత వినబడగానే పని ఆపి తల వంచుకునేవారు. ఆ కంచు వాళ్ళది. ఇరవయ్యేళ్ళ కిందట రణకేసరి గంటలకొండ మీదికి దండెత్తి, శిఖరాల మీద వేలాడే గంటలన్నిటినీ దింపించి, బండ్లకెత్తించి తెచ్చి, కరిగించి ఈ గుర్రాన్ని పోతపోయించాడు. గంటలతోపాటు బందీలుగా వచ్చిన కొండవాళ్ళూ వాళ్ళ సంతానమూ కలిసి ఇప్పుడు నగర జనంలో సగం.

ఆ ఉదయం గుర్రం మెడ దగ్గర పరంజా మీద కూర్చుని, చింతపండు గుజ్జుతో కంచు తోముతున్న పొడగరి యువకుణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. విజయోత్సవానికి ముందు ఏటా జరిగే పనే అది. కంచరుల పెద్ద నాగోజు కూలికి పెట్టుకున్నవాళ్ళలో అతడొకడు. చెవులకు కంచరుల పోగులు వేలాడుతున్నాయి. ముఖానికి పూసుకున్న చెట్టుపసరు అతడి ఎర్రని కొండచాయను నల్లగా మార్చింది. అతడి పేరు కేతనుడనీ, గంటలకొండలో గంటలు మోగించే వంశానికి ఆఖరివాడనీ అక్కడ ఎవరికీ తెలియదు.

గంటలకొండ మీద శీతకాలమంతా పొగమంచు కమ్ముకుంటుంది. అది మామూలు మంచు కాదు. అందులో చిక్కిన మనిషి తన గుమ్మం ముందే నిలబడి ఉన్నా ఇల్లు కనుక్కోలేడు. పూర్వం శిఖరాల మీద గంటలు మోగుతుంటే ఆ మోత పట్టుకుని జనం ఇల్లు చేరేవారు. గంటలు పోయాక మంచులోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మానేశారు. ఈ శీతకాలం మొదట్లో కేతనుడి చెల్లెలు చెంగల్వ తప్పిపోయిన మేకపిల్ల కోసం వెళ్ళింది. మేకపిల్ల ఇంటికొచ్చింది. చెంగల్వ రాలేదు.

గుహలో తపస్సు చేసుకునే వృద్ధ యోగిని సోమిదేవి అతడికి ఒక రహస్యం చెప్పింది. గంటలన్నిటిలో పెద్దదైన అమ్మగంట నాలుక ఏ కొలిమిలోనూ కరగదు. పోతపోసినవాళ్ళు భయపడి దాన్ని గుర్రం రొమ్ములో పెట్టి మూసేశారు. ఆ నాలుకను తెచ్చి, మంచుకాలం వెళ్ళేలోగా శిఖరం మీది బండకేసి కొడితే, మంచులో ప్రాణాలతో ఉన్నవాళ్ళంతా దారి తెలుసుకుంటారు. ఆ మాట పట్టుకునే కేతనుడు మొసళ్ళ మడుగు ఈది, బందిపోట్ల చెరనుంచి తప్పించుకుని, కంచరి వేషంలో కేసరిపురం చేరాడు.

అతడు పరంజా ఎక్కిన మొదటి ఉదయమే కింద పీఠం దగ్గర ఒక నడివయసు ఆవిడ కనిపించింది. ఆమె పేరు ఏచమ్మ. పీఠం నాలుగు ముఖాలా యుద్ధంలో మరణించిన సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆమె రోజూ బిందెతో నీళ్ళు తెచ్చి ఆ పేర్లు కడిగేది. అక్షరాల సందుల్లో పట్టిన నాచును చిన్న కత్తితో గీకేది. తన భర్త బయ్యన పేరు దగ్గర ఎక్కువసేపు ఆగేది కాదు. అన్ని పేర్లనూ ఒకేలా కడిగి, చివర ఆ పేరు మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి వెళ్ళిపోయేది. పెళ్ళయిన ఏడాదికే బయ్యన దండుతో వెళ్ళాడు. శవం రాలేదు. ఎవరి శవమూ రాలేదు. ఊళ్ళోని వితంతువులందరికీ శ్మశానమూ ఆ రాయే, భర్త వదిలి వెళ్ళిన ఇల్లూ ఆ రాయే.

పరంజా మీద ఎండలో మాడుతున్న కొత్త కంచరిని చూసి ఆమె జాలిపడింది. దగ్గరలోనే ఉన్న తన ఇంటికి పిలిచి అంబలి పోసింది. ఆ మరునాడు కూడా పిలిచింది. అతడు తలవంచుకుని తాగేవాడు. ఆమె ఊరేదని అడిగితే తూర్పున అని చెప్పాడు.

విజయోత్సవం ముందురోజు పొద్దున చిన్న వయసులోనే పట్టాభిషిక్తుడైన జయకేసరి మహారాజు చత్వరంలోనే సభ తీర్చాడు. రణకేసరి కొడుకతడు. తండ్రి ఖడ్గం నడుముకు కట్టుకున్నా దాని బరువు అతడికి ఇంకా అలవాటు కాలేదు. గుర్రాన్ని ఏం చేయాలన్న తగవు ఏళ్ళ తరబడి రాజుకుంటూ వచ్చి ఈ శీతకాలంలో భగ్గుమంది. కొండవాళ్ళ యువకులు గుర్రం మీద బురద చల్లారు. సైనికుల కొడుకులు వెళ్ళి కొండవాళ్ళ పేట తగలబెట్టారు. ఇంకా ఆలస్యం చేస్తే నగరం రెండు ముక్కలవుతుందని రాజుకు తోచింది.

పరంజా మీద చేతులు ఆడిస్తూనే కేతనుడు సభంతా విన్నాడు. ముందుగా కొండవాళ్ళ పెద్ద గురవయ్య లేచాడు. ముసలితనంతో వణుకుతున్న గొంతుతో, తన వాళ్ళు గుర్రాన్ని పగలగొట్టమని అడగడం లేదనీ, కరిగించి మళ్ళీ గంటలు చేసి కొండకు పంపమని అడుగుతున్నారనీ చెప్పాడు.

"ఆ కింద పడున్నవాడు మా నాయనలాగా ఉంటాడని మా అమ్మ చచ్చేదాకా ఈ దారిన రాలేదు ప్రభూ," అన్నాడు. "మా పిల్లలు రోజూ ఈ దారినే పనికి పోవాల."

సైనికుల వైపు నుంచి గొణుగుడు లేచింది. అప్పుడు వితంతువుల గుంపులోంచి ఏచమ్మ ముందుకొచ్చింది.

"గుర్రాన్ని మీరేం చేసుకున్నా నాకు పనిలేదు," అంది. "ఈ రాయి కదిలితే మాత్రం నా పెనిమిటికి భూమ్మీద ఇంక చోటు లేదు. కడగడానికి నాకు ఇంకేం మిగల్దు."

తరువాత మంత్రులు ఒక్కొక్కరే ఉపాయాలు చెప్పారు. ఒకరు గుర్రాన్ని కోట బయటి చెరుకు తోటలోకి జరపమన్నారు. ఒకరు పడిపోయిన మనిషిని మాత్రం తొలగించి అక్కడ ఒక సింహాన్ని పెట్టమన్నారు. ఇంకొకరు ఎదురుగా కొండదొర విగ్రహం కూడా ఒకటి, కాస్త చిన్నదిగా, నిలపమన్నారు. ప్రతి ఉపాయానికీ ఎవరో ఒకరు లేచి ఏడ్చారు, లేదా కత్తి మీద చెయ్యి వేశారు. జయకేసరి అందరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూశాడు. అతడికి ఏ మాటా తప్పుగా తోచలేదు. అదే అతడి బాధ.

చివరకు రాజగురువు విషమాక్షుడు లేచాడు. అతడి ఎడమకన్ను కుడికంటికి రెట్టింపు ఉంటుంది. ఆ కన్ను రెప్ప వేయడం ఎవరూ చూడలేదు. తీర్పు రేపటికి వాయిదా వేయమనీ, విజయోత్సవ వేళ కంచు గుర్రమే స్వయంగా తీర్పు చెబుతుందనీ అన్నాడు. అలా అంటూ పెద్దకన్ను పైకెత్తి పరంజా వైపు చూశాడు. కేతనుడు చింతపండు ముద్దను మరింత గట్టిగా రుద్దాడు.

మధ్యాహ్నం కంచరులంతా భోజనాలకు వెళ్ళారు. చత్వరం ఎండకు నిర్మానుష్యమైంది. కేతనుడు పరంజా మీదే ఉండిపోయి గుర్రం రొమ్ము దగ్గరికి జారాడు. రొమ్ముపట్టీ నగిషీల కింద అరచెయ్యంత రేకు, దాన్ని బిగించిన మేకులు అతడికి ముందే దొరికాయి. ఉలి పెట్టి ఒక్కొక్క మేకూ వదులు చేయసాగాడు. లోపల ఏదో బరువైనది కదిలింది. గుర్రం ఒళ్ళంతా సన్నగా మోగింది. ఆ మోత వినగానే అతడికి చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని విన్న మంచుకాలపు సాయంత్రాలు గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి. ఆఖరి మేకు మొండికేసింది.

"ఏం చేస్తన్నావు నాయనా?"

కింద ఏచమ్మ నిలబడి ఉంది. చేతిలో అంబలి ముంత. అతడు భోజనానికి రాలేదని వెతుక్కుంటూ వచ్చింది. అతడి చెంపల మీద కన్నీళ్ళకు పసరు కరిగి, కింద ఎర్రని చాయ చారలుగా బయటపడింది.

"కొండవాడివా?"

"అవునమ్మా."

"నా ఇంట అంబలి తాగావు."

"తాగాను."

ఆమె ముంతను మెల్లగా పీఠం పక్కన పెట్టింది. కేక వేస్తే కోట కావలివాళ్ళు క్షణంలో వస్తారు. కేతనుడు దూకి పారిపోవచ్చు. కానీ పారిపోతే మళ్ళీ ఈ గుర్రం దగ్గరికి రాలేడు. దిగివచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెంగల్వ సంగతి, మంచు సంగతి, అమ్మగంట నాలుక సంగతి దాచకుండా చెప్పాడు. ఆమె ముఖం మెత్తబడలేదు. నీ చెల్లెల్ని తెచ్చుకోవడానికి నా మగణ్ణి చంపినవాళ్ళకు నేను సాయపడాలా అని అడిగింది.

అప్పుడు కేతనుడు చెప్పకూడదనుకున్న మాట చెప్పాడు.

"అక్కడ యుద్ధం జరగలేదమ్మా. మీవాళ్ళని ఎవరూ చంపలేదు."

రణకేసరి ముందు గంటలన్నీ దింపించి కొండ కింద బండ్లకెత్తించాడు. తరువాత గుహల్లో దాక్కున్న మిగతా కొండవాళ్ళను పట్టి తెమ్మని, బండ్ల కాపలాకు కొద్దిమందిని ఉంచుకుని, దండునంతా కనుమలోకి పంపాడు. వాళ్ళు పైకి వెళ్ళాక మంచు దిగింది. దారి చూపడానికి శిఖరాల మీద ఒక్క గంటా లేదు. దండు తిరిగి రాలేదు. రాజు కింద బండ్ల పక్కన ఒక పగలు కాచుకుని, బండ్లు తోలించుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ మాట నగరంలో ఎత్తిన కొండవాడికి నాలుక కోయించాడు. కేతనుడు ఇదంతా చెబుతుంటే ఏచమ్మ మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"గంటలు బండ్లలో ఉన్నాయిగా. ఒకటి మోగిస్తే వచ్చేవాళ్ళు గదా."

"వచ్చేవాళ్ళే. ఆ మోత పట్టుకుని మావాళ్ళు కూడా దిగివస్తారని భయపడ్డాడట. బండ్లకు కట్టేసిన మావాడొకడు తప్పించుకొచ్చి చెప్పాడు."

ఆమె పీఠానికి ఆనుకుంది.

"మా నాన్న గుహలోంచి విన్నాడమ్మా," అన్నాడు కేతనుడు. "మీవాళ్ళు ఒకళ్ళ పేరు ఒకళ్ళు పిలుచుకుంటూ తిరిగారట. గుహ ముందు నుంచే పోయారట."

"మీ నాన్న లోపలికి పిలవలేదా?"

"లేదు. ఆయనా భయపడ్డాడు. చచ్చిపోయేదాకా ఆ పేర్లు నిద్రలో కలవరించేవాడు."

"బయ్యన అన్న పేరు..." అని ఆమె ఆగిపోయింది. కేతనుడు అబద్ధం చెప్పలేకపోయాడు. తనకు తెలియదన్నాడు. వాళ్ళు బతికున్నారో లేదో కూడా తెలియదనీ, ఒక్కొక్క శీతకాలం మాత్రం మంచులోంచి దూరంగా మాటలు వినబడతాయనీ, అవి కొండవాళ్ళ మాటలు కావనీ చెప్పాడు.

ఏచమ్మ పీఠం వైపు తిరిగింది. బయ్యన పేరు మీద చెయ్యి ఆనించబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకుంది. ముంత అక్కడే వదిలేసి, ఎండలో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మరునాడు విజయోత్సవం. మామిడాకుల తోరణాలతో, పసుపుబట్టల ధ్వజాలతో, వీధివీధినా పన్నీటి జల్లులతో కేసరిపురం పెళ్ళికూతురిలా మెరిసింది. కంచు గుర్రం ఎండలో నిప్పుకణికలా ధగధగలాడుతోంది. దక్షిణ ద్వారం వైపు కొత్త దండు బారులు తీరి ఉంది. వచ్చే వారమే దక్షిణాన ఉన్న మకరద్వీపం మీద దండయాత్ర అని నగరమంతా పొక్కింది. కొండవాళ్ళను బల్లేల కంచె వేసి ఒక మూలకు నెట్టారు.

ఆఖరి మేకు కోసం కేతనుడు పూలదండలు కట్టేవాళ్ళతో కలిసి పరంజా ఎక్కాడు. ఉలి పెట్టేలోపలే కింద నుంచి ఉచ్చుతాడు ఎగిరివచ్చి అతడి భుజాలకు బిగిసింది. కావలివాళ్ళు ఒక్క గుంజుతో అతణ్ణి రాతి నేల మీదికి లాగి, చేతులు విరిచి కట్టి, విషమాక్షుడి ముందు పడేశారు. ఒకడు బిందెడు నీళ్ళు ముఖం మీద కుమ్మరించాడు. పసరు కరిగి కొండచాయ బయటపడింది. జనం ఒక్కసారి గగ్గోలు పెట్టారు.

కేతనుడు తల తిప్పి వితంతువుల వైపు చూశాడు. ముందు వరుసలో ఏచమ్మ నిలబడి ఉంది. ఆమే పట్టిచ్చిందని అతడు నిశ్చయించుకున్నాడు. ఆమె మీద కోపం మాత్రం రాలేదు.

"నిన్న మధ్యాహ్నం గుర్రం మోగింది," అన్నాడు విషమాక్షుడు నవ్వుతూ. "గంటలవాడు తాకితే తప్ప అలా మోగదు. ఇరవయ్యేళ్ళుగా ఈ మోత కోసమే కాచుకున్నాను."

అతడు రాజు వైపు తిరిగి అసలు సంగతి బయటపెట్టాడు. గుర్రం రొమ్ములో గంట నాలుక ఉన్నట్టు అతడికి మొదటి నుంచీ తెలుసు. దాన్ని అక్కడ ఉండనిచ్చింది అతడే. గంటలవాడి నెత్తురు గిట్టల మీద పడితే కంచు గుర్రానికి ప్రాణం వస్తుంది. ఏ కోటగోడా దాన్ని ఆపలేదు. మకరద్వీపం ఒక్కపూటలో నేలమట్టమవుతుంది. గుర్రం చెప్పే తీర్పు అదేనన్నాడు.

జయకేసరి ముఖం పాలిపోయింది. నరబలి సంగతి తనకెప్పుడూ చెప్పలేదే అని మాత్రం అనగలిగాడు. ఆ సందులో ఏచమ్మ బల్లేలను తోసుకుని రాజు ఎదుటికి వచ్చింది. ఆమె నమస్కరించలేదు.

"ఒక్క మాట అడుగుతాను ప్రభూ. మా మగాళ్ళు చచ్చిపోవడం మీ నాయనగారు చూశారా?"

రాజు తండ్రి విగ్రహం వైపు చూశాడు.

"ఆ దండయాత్ర తరువాత నాన్నగారు మళ్ళీ గుర్రం ఎక్కలేదు తల్లీ," అన్నాడు. "మంచు పడితే కిటికీలన్నీ మూయించేవారు. చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు."

వితంతువుల గుంపులో ఎవరో కూలబడిన చప్పుడైంది. గురవయ్య బల్లేల వెనకనుంచి, అది నిజమేననీ, తన కళ్ళతో చూశాననీ, నాలుక కోస్తారన్న భయంతో ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాననీ గట్టిగా చెప్పాడు. రాజు చెయ్యెత్తి బలి ఆపమన్నాడు. కానీ ఆ చెయ్యి పూర్తిగా లేవకముందే విషమాక్షుడు చురకత్తితో కేతనుడి ముంజేతిని చీల్చి, చిమ్మిన నెత్తురు దోసిట పట్టి గుర్రం గిట్టల మీదికి విసిరాడు.

మొదట గుర్రం చెవులు కదిలాయి. తరువాత జూలు గలగలమంది. ఆకాశంలో ఇరవయ్యేళ్ళు ఆగిపోయిన ముందుకాళ్ళు పిడుగుల్లా పీఠం మీద పడ్డాయి. నల్లరాయి నిలువునా చీలింది. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ నలుదిక్కులా పరుగెత్తారు. విషమాక్షుడు మంత్రదండం ఎత్తి "దక్షిణం, దక్షిణం" అని అరుస్తూ గుర్రాన్ని అదలిస్తున్నాడు.

ఆ గందరగోళంలో కేతనుడి మణికట్ల దగ్గర ఏదో చల్లగా తగిలింది. ఏచమ్మ నాచు గీకే కత్తితో తాళ్ళు కోస్తోంది.

"నేను చెప్పలేదురా నాయనా," అంది.

"తెలిసిందమ్మా."

"పో. కనబడితే నా మాటగా చెప్పు. ఇంట్లో దీపం ఆర్పలేదని చెప్పు."

తాళ్ళు తెగాయి. కేతనుడు కూలుతున్న పరంజా వెదురు పట్టుకుని ఊగి, ఒక్క దూకుతో గుర్రం మెడను కావలించుకున్నాడు. కంచు అప్పుడే వేడెక్కుతోంది. తన వంశంవాళ్ళు గంటల కింద నిలబడి మంచులోకి వేసే పాత కేక అతడి గొంతులోంచి దానంతటదే వచ్చింది. "ఇంటికి రండి, ఇటు రండి" అని సాగదీసి పిలిచే కేక అది. గుర్రం దక్షిణానికి వేసిన అడుగు ఆపింది. మెడ మెల్లగా ఉత్తరానికి తిరిగింది. విషమాక్షుడు చీలిన పీఠం ఎక్కి అడ్డం వచ్చి దండంతో దాని ముట్టె మీద కొట్టాడు. గుర్రం తల ఒక్కసారి విదిల్చింది. దండం తునకలైంది. విషమాక్షుడు గిట్టల కింద పడబోతూ పొగగా మారి, కోటగోడ పైనుంచి ఉత్తర దిశకే ఎగిరిపోయాడు.

గుర్రం పీఠం మీద నుంచి దూకింది. ఆ తాకిడికి చీలిన రాళ్ళు దొర్లాయి. కూలబడిన చోటునుంచి లేవలేకపోతున్న ఒక వితంతువును ఏచమ్మ రెక్క పట్టి పక్కకు లాగింది. ఆమెను లాగగలిగింది కానీ తాను తప్పుకోలేకపోయింది. కేతనుడు మెడ తిప్పి చూసేసరికి బండ కింద నుంచి ఆమె చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. అతడు దిగబోయాడు. కానీ గుర్రం అప్పటికే అంగడివీధిలో పడింది.

వెనక చత్వరంలో దుమ్ము అణిగాక, కొండవాళ్ళూ సైనికులూ కలిసి ఆ బండ ఎత్తారు. జయకేసరి కూడా కిరీటం తీసి పక్కన పెట్టి ఒక అంచుకు భుజం ఆనించాడు. ఏచమ్మకు ఊపిరి లేదు. వితంతువులు కొంగులు చాచి పీఠం ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఒక ముక్క మీద ఒక అక్షరం, ఇంకో ముక్క మీద ఒక ఒత్తు, మరోదాని మీద సున్న. ఏ అక్షరం ఎవరి పేరులోదో చెప్పగలిగిన మనిషి ఏచమ్మ ఒక్కతే. అందుకని వాళ్ళు ఎవరి ముక్కలని చూడకుండా దొరికినవన్నీ ఏరుకున్నారు. గురవయ్య కోడళ్ళు కూడా వంగి, తమకు చదవరాని ఆ అక్షరాలను ఏరి వాళ్ళ కొంగుల్లో వేశారు. పగిలిన పీఠం మీద, పైన ఏ గుర్రమూ లేకుండా, ఆ పడిపోయిన కంచు మనిషి ఒక్కడే ఆకాశానికి చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

గుర్రం మాత్రం ఆగలేదు. ఉత్తర ద్వారం తలుపులు మూయడానికి పరుగెత్తిన కావలివాళ్ళు దాని మోతకే చెవులు మూసుకుని బోర్లాపడ్డారు. అది తలుపులను పెంకుల్లా చితగ్గొట్టి, అగడ్తను ఒక్క గంతులో దాటి, చెరుకు తోటలు, జొన్నచేలు, ఇసుక మేటలు వెనక్కి తోసుకుంటూ పోయింది. ఏర్లు వస్తే నీళ్ళు రెండుగా చీలి ఆవిరయ్యేవి. దారిలో పశువులు కట్లు తెంచుకుని పరుగెత్తాయి. కేతనుడి చీరిన చెయ్యి కంచుకు అంటుకుని కాలుతోంది. ఒకసారి చేతికందిన రొమ్ము రేకును పీకబోయాడు. నాలుక లాగేస్తే గుర్రం ఆగిపోతుందేమోనని తోచింది. కొండ ఇంకా దూరం. మంచుకాలం ఇంకెంతో మిగిలి లేదు. అతడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీపు మీది కంచు రాజు అంతసేపూ కదలలేదు, మెదలలేదు. ఎత్తిన ఖడ్గం ఎత్తినట్టే ఉంది. ప్రాణం గుర్రానికే వచ్చిందనీ రాజు ఎప్పటిలాగే బొమ్మేననీ కేతనుడు అనుకున్నాడు. ఏచమ్మ చెయ్యి కళ్ళముందు మెదిలినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గంటలకొండ కనిపించింది. కొండ కంటే ముందు మంచు కనిపించింది. తెల్లని గోడలా అది కనుమను మూసేసి ఉంది. గుర్రం వడి తగ్గించి, ఇల్లు చేరిన పశువులా మెడ వంచి, మంచులోకి నడిచింది. అప్పుడు దాని ప్రతి అడుగూ మోగడం మొదలైంది. ఒక గిట్ట కింద చిన్నగంట మోత, ఒక గిట్ట కింద పెద్దగంట మోత. ఇరవయ్యేళ్ళ తరువాత ఆ లోయలో గంటలు వినబడ్డాయి.

"చెంగల్వా," అని పిలిచాడు కేతనుడు. గొంతు చీలిపోయేలా మళ్ళీ పిలిచాడు. మంచు ఆ కేకను మింగేసింది. గుర్రం ఆగింది. చాలాసేపటికి ఎడమవైపునుంచి, దగ్గరలోనే, ఎవరో దగ్గిన చప్పుడైంది. ఆ తరువాత ఒక మగ గొంతు పలికింది. అది కేసరిపురం యాస.

"ఎవరక్కడ? గంట మోగింది మీ దగ్గరేనా?" కాస్త ఆగి, ఆశగా అడిగింది ఆ గొంతు. "యుద్ధం అయిపోయిందా?"

అయిపోయిందని చెప్పడానికి కేతనుడు నోరు తెరిచాడు. అతడు పలికేలోగా వీపు వెనుక కంచు కిర్రుమంది. మెడ మీద వేడి ఊపిరి తగిలింది. రణకేసరి మొదటిసారి మాట్లాడాడు.

"ఇంకా లేదు," అన్నాడు. "వరుసలో నిలబడండి."

మంచులో నలుమూలల నుంచీ అలసిపోయిన అడుగులు ఒక్కొక్కటే వరుసలోకి రావడం కేతనుడికి వినిపించింది.